పెన్నేటి దారిలో సైకిళ్ళ జట్టు



"ఇటలీలో పల్లెల మధ్య వారం రోజులు సైకిల్ తొక్కి వచ్చే యాత్రలున్నాయట కదా, మాలాంటివాళ్ళను అందులో చేర్చుకుంటారా?" బెంగళూరు యలహంకలో ఈ మాట నన్ను చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్ళు పందేల్లో తొక్కేవాళ్ళు కారు. ఉద్యోగ విరమణ చేసినవాళ్ళు, పిల్లల చదువులు ఒక కొలిక్కి వచ్చిన తల్లులు, రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని నడుము పట్టేసిన కుర్రవాళ్ళు. హిందూపురం నుంచో, మదనపల్లె నుంచో, నెల్లూరు నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు నేను చెప్పే జవాబు ఒకటే. తప్పకుండా చేర్చుకుంటారు, వెళ్ళి రండి. కానీ విమానం ఎక్కే ముందు ఒక మూడు రోజులు వీలు చేసుకుని, పదిమందితో కలిసి, యలహంక నుంచి లేపాక్షి దాకా తొక్కి రండి. ఇటలీలో మనకు దొరికేదేమిటో, అది అక్కడ ఎలా నిలిచి ఉందో ఈ దారి మీదనే బాగా తెలుస్తుంది. ఈ పూట ఆ రెండు దారుల సంగతీ చెబుతాను.

ముందు ఇటలీ. అక్కడ టస్కనీ అని ఒక ప్రాంతం. ఫ్లోరెన్సు, సియెనా నగరాల మధ్య కియాంటీ కొండలు. వాలు మీద ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్లు, గుట్ట నెత్తిన ఒక పాత ఊరు, ఆ ఊరికి పోయే బాట పక్కన బారులు తీరిన సైప్రస్ చెట్లు. సియెనాకు దక్షిణాన వాల్ దోర్చా లోయ ఉంది. 2004లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏ ఒక్క కోటకో చర్చికో ఇచ్చిన గౌరవం కాదది, తరతరాలుగా రైతులు దున్ని తీర్చిదిద్దిన పొలాలకు ఇచ్చిన గౌరవం. అలాంటి చోట జట్టు యాత్ర మామూలుగా ఆరేడు రోజులుంటుంది. పది పదిహేనుమంది కలుస్తారు. చాలామందికి ఒకరి ముఖం ఒకరికి తెలియదు. రోజుకు నలభై నుంచి అరవై కిలోమీటర్లు. పెట్టెలూ సంచులూ వ్యానులో ముందే బసకు చేరిపోతాయి. మన ఎత్తూ కాలి పొడవూ ముందుగానే అడిగి, సరిపోయే సైకిలు వాళ్ళే సిద్ధం చేసి పెడతారు. మోకాళ్ళ గురించి జంకేవాళ్ళు బ్యాటరీ సాయం ఉన్న ఈ-బైకు తీసుకోవచ్చు. జట్టుకు ముందు దారి చూపే మనిషి ఒకరు, వెనక అందరినీ తోడుకొచ్చే మనిషి ఒకరు ఉంటారు. ఈ వెనక మనిషిని మన బెంగళూరు జట్లు కూడా స్వీప్ అనే పిలుస్తాయి.

చేరబోయే ప్రతివారికీ ఉండే భయం ఒకటే. "నేను వెనకబడిపోతే?" ఆ భయానికి సమాధానమే స్వీప్. ఆయన లేదా ఆవిడ చివరి సైకిలును దాటి ముందుకు పోరు. చివరివాళ్ళకు పంక్చరైతే ఆగుతారు, ఎక్కడంలో దిగి నడిస్తే పక్కన నడుస్తారు. దారి చీలిన ప్రతిచోటా ముందువాళ్ళు నిలబడతారు, వెనకవాళ్ళు వచ్చి కలిసేదాకా కదలరు. ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది, జట్టు మంచిదా కాదా అన్నది దాని మీదనే తేలుతుంది. ముందు చేరినవాళ్ళు పావుగంట కూర్చుని, అరటిపండు తిని, ఊపిరి తీసుకుని ఉంటారు. చివరి మనిషి ఆయాసపడుతూ రాగానే "అందరూ వచ్చేశారు, పదండి" అని లేచిపోతే, జట్టులో అందరికన్నా ఎక్కువ విశ్రాంతి కావలసిన మనిషికి ఒక్క నిమిషం కూడా దొరకదు. తెలిసిన నాయకుడు అలా లేవడు. చివరి మనిషి వచ్చి, నీళ్ళు తాగి, కాళ్ళు చాపుకుని, తనంతట తాను "ఇక పోదామా" అనేదాకా కూర్చుంటాడు. మీరు ఏ జట్టులో చేరబోతున్నా, ఇటలీలోనైనా ఇక్కడైనా, ముందు ఈ ఒక్కటీ కనుక్కోండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు, హోటలుకు ఎన్ని నక్షత్రాలు అన్నవి తర్వాత.

జట్టుగా తొక్కడమనేది ఇటలీలో నిన్న మొన్న పుట్టింది కాదు. 1897 జూన్ 12న పన్నెండుమంది సైకిలిస్టులు రోము నుంచి నేపుల్సుకు పగటి వెలుతురు ఉండగానే చేరాలని బయలుదేరారు. దూరం 230 కిలోమీటర్లు. ఆనాటి బరువైన సైకిళ్ళు, ఆనాటి మట్టి బాటలు. ఆ ప్రయత్నం నుంచే ఆడాక్స్ అనే సంప్రదాయం మొదలైంది. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని ప్రారంభించిన హెన్రీ దెగ్రాంజ్ ఆ మరుసటి ఏడే దీన్ని ఫ్రాన్సుకు తీసుకెళ్ళాడు. ఆ పద్ధతిలో జట్టుకు కెప్టెన్ ఉంటాడు, వేగం ఆయన నిర్ణయిస్తాడు, ఆయన్ని దాటి ఎవరూ పోకూడదు. తర్వాతి కాలంలో ఎవరి వేగం వారిది అనే శాఖ వేరుపడింది. ఈనాడు బెంగళూరు, హైదరాబాదుల్లో రాండొన్యూర్లు అనే దూరప్రయాణపు సైకిలిస్టులు తొక్కే బ్రెవేలు, అంటే గడువు పెట్టిన సవారీలు, ఈ రెండో శాఖవే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరవై గంటలు, 600కు నలభై గంటలు గడువు. రాత్రంతా హెల్మెట్ దీపం వెలుగులో హైవే పక్కన తొక్కుకుంటూ పోయే ఆ మనుషులంటే నాకు ఎంతో గౌరవం. అయితే వాళ్ళ కన్ను గడియారం మీద ఉండక తప్పదు. సెలవు యాత్రకు వచ్చినవాళ్ళు చింతచెట్టు కింద ఆగవచ్చు, గుడి చూడవచ్చు, పొలంలో రైతుతో మాట కలపవచ్చు. వాళ్ళకు కావలసింది ఆ పాత కెప్టెన్ పద్ధతే.

ఇటలీ గురించి ఇంకో రెండు సంగతులు చెప్పి మన ఊరికి వస్తాను. ఈ రెండూ నాకు చాలా ముఖ్యమైనవి.

మొదటిది తెల్ల రోడ్ల కథ. టస్కనీలో పల్లెల మధ్య తారు వేయని కంకర బాటలున్నాయి. సున్నపురాయి నేల కాబట్టి తెల్లగా ఉంటాయి, వాటిని స్త్రాదే బియాంకే అంటారు. గడిచిన శతాబ్దంలో వాటి మీద తారు పడుతూ వచ్చింది, ఒక్కొక్కటే మాయమవుతూ వచ్చాయి. అప్పుడు జాంకార్లో బ్రోచీ అనే ఆయన 1997లో గాయోలే అనే చిన్న ఊళ్ళో లెరోయికా అని ఒక సవారీ పెట్టాడు. పాతకాలపు సైకిళ్ళ మీద, పాతకాలపు ఉన్ని చొక్కాలు తొడుక్కుని, ఆ తెల్ల బాటల మీద తొక్కాలి. మొదటి ఏడు వచ్చింది 92 మంది. తర్వాత అది వేలమంది వచ్చే పండుగైంది. ఇప్పుడు అక్కడ 209 కిలోమీటర్ల దారి గుర్తు పలకలతో ఏడాది పొడుగునా ఎవరైనా తొక్కడానికి ఉంది. 2007 నుంచి అవే బాటల మీద పెద్ద పందెం కూడా జరుగుతోంది, అది సియెనా నడిబొడ్డు మైదానంలో ముగుస్తుంది. దుమ్ము లేచే బాటలను కాపాడాలని బయలుదేరిన మనుషుల వల్ల ఒక ప్రాంతానికి బతుకుతెరువు దొరికింది.

రెండోది ఇళ్ళ కథ. 1985లో ఇటలీ ఒక చట్టం చేసింది. వ్యవసాయం చేసే రైతు తన ఇంట్లో అతిథులకు బస ఇవ్వవచ్చు, తన పంటతో వండిపెట్టి డబ్బు తీసుకోవచ్చు. దాన్ని అగ్రితురిజ్మో అంటారు. పల్లెలు ఖాళీ అయిపోతున్న కాలంలో వచ్చిన చట్టమది. సైకిలు మీద సాయంకాలానికి చేరినవాడికి ఈ రోజు అక్కడ వేడినీళ్ళూ మంచమూ అన్నమూ దొరుకుతున్నాయంటే ఆ చట్టం చలవే. కొండలూ తోటలూ చాలా దేశాల్లో ఉన్నాయి. చిన్న బాటలను ఉంచుకోవడం, పల్లె ఇంటి తలుపు తెరవడం మనుషులు కూర్చుని ఆలోచించి చేసిన పనులు.

ఆ దారుల మీద ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. జీనో బార్తాలీ అని గొప్ప పందెగాడు, 1938లోనూ 1948లోనూ టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సాధన చేస్తున్నట్టు ఫ్లోరెన్సుకూ అస్సీసీకీ మధ్య తొక్కేవాడు. సైకిలు గొట్టాల్లో దాచి ఫొటోలూ దొంగ గుర్తింపు పత్రాలూ మోసేవాడు. యూదు కుటుంబాల ప్రాణాలు నిలబెట్టిన కాగితాలవి. బతికి ఉన్నంతకాలం ఆయన దాని గురించి చెప్పుకోలేదు. 2013లో, ఆయన పోయిన పదమూడేళ్ళకు, ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ సంస్థ ఆయన్ని గౌరవించింది.

ఇక యలహంక. బెంగళూరు కోటను 1537లో కట్టించిన కెంపేగౌడ యలహంక నాడప్రభువు. గంగాగౌరీవిలాసమనే తెలుగు యక్షగానం ఆయన రాసినదని చెబుతారు. కన్నడ ప్రభువు తెలుగులో యక్షగానం రాశాడంటే ఈ నేల మీద రెండు భాషలు ఎంత కలిసి బతికాయో తెలుస్తుంది. ఇప్పటి యలహంక అంటే వైమానిక దళ స్థావరం, విమాన ప్రదర్శన, రైలు చక్రాలూ ఇరుసులూ తయారుచేసే కర్మాగారం. 2008లో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం తెరిచాక బళ్ళారి రోడ్డు రూపమే మారిపోయింది. అదే 2008లో బెంగళూరు సైకిలిస్టులు నీలగిరి యాత్ర మొదలుపెట్టారు. ఎనిమిది రోజుల పాటు, వ్యాన్లూ మెకానిక్కులూ డాక్టర్లూ వెంట రాగా, మైసూరు మీదుగా ఊటీ కొండలెక్కి వచ్చే జట్టు యాత్ర అది. మసినగుడి నుంచి ఊటీకి ఎక్కే కల్లట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఆ యాత్ర చూసే చాలామందికి ధైర్యం వచ్చింది. ఇప్పుడు ఆదివారం తెల్లవారుజామున హెబ్బాళ నుంచి యలహంక మీదుగా నంది కొండ వైపు ఎర్రదీపాల వరుసలు పోతూ ఉంటాయి. వాటిలో చాలా జట్లు కొండెక్కి, దిగి, ఇడ్లీ తిని, తొమ్మిదికల్లా ఇంటికి చేరిపోతాయి. మంచిదే. కానీ నంది కొండ వెనక ఏముందో చూడకుండా తిరిగి వచ్చేస్తున్నాం కదా అని నా బాధ.

నంది కొండ వెనక ఉన్నది మన పెన్నేరు. నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే పెన్న పుట్టింది ఈ కొండల సమూహంలోనే. చిత్రావతి, పాపాఘ్ని, పాలారు, అర్కావతి కూడా ఈ చుట్టుపక్కల పుట్టినవే. ఒక్క అర్కావతి దక్షిణాన కావేరి వైపు పోయింది. పెన్నేరు ఉత్తరంగా గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు పోయింది. మనం పోవలసింది ఆ దిక్కుకే.

మొదటి రోజు యలహంకలో తెల్లవారకముందే బయలుదేరి రాజానుకుంటె మీదుగా దొడ్డబళ్ళాపురం చేరేసరికి మరమగ్గాల చప్పుడు వినపడుతూ ఉంటుంది. పట్టుచీరల ఊరది. అక్కడిదాకా లారీలుంటాయి, ఒక్కొక్కరుగా వరుసలో తొక్కాలి. ఊరు దాటాక దారి తేటపడుతుంది. ఘాటి సుబ్రహ్మణ్య క్షేత్రం ఒక పక్క, మాకళిదుర్గం రాతి కొండ ఒక పక్క. ఆ కొండల నడుమ రైలు కట్ట మెలికలు తిరుగుతూ మనతోపాటే వస్తుంది. రాగి చేలు, మల్బరీ తోటలు, నీలి ద్రాక్ష పందిళ్ళు, గుండ్రాళ్ళ గుట్టలు, గుట్టల మధ్య చెరువులు. యలహంక సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, హిందూపురం 620 మీటర్ల ఎత్తున. అంటే ఆ దూరంలో దాదాపు మూడు వందల మీటర్లు దిగుతాం. కంటికి తెలియదు, కాలికి తెలుస్తుంది. అందుకే ఎక్కువ దూరాన్ని మొదటి రోజే పెట్టుకోవచ్చు.

గౌరిబిదనూరు దాటగానే విదురాశ్వత్థం. విదురుడు నాటాడని చెప్పే మహావృక్షం ఉండేది, 2001లో కూలిపోయింది. చుట్టూ వందల నాగశిలలు, పక్కనే పెన్నేరు. 1938 ఏప్రిల్ 25న ఇక్కడ ఒక ఘోరం జరిగింది. మైసూరు సంస్థానంలో కాంగ్రెసు జెండా ఎగరేయడం మీద నిషేధం ఉన్న రోజులు. జెండా కోసం చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు చనిపోయారు. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని దాన్ని పిలుస్తారు. స్మారకం ఉంది. కారులో పోయేవాళ్ళు చాలామంది ఆగరు. సైకిలు దిగి నీళ్ళ సీసా నింపుకోవలసినవాళ్ళం కాబట్టి మనం ఆగుతాం, లోపలికి వెళ్తాం, గోడల మీద రాసింది చదువుతాం. సైకిలు యాత్ర ఇచ్చే చదువు ఇదేనని నా నమ్మకం.

హిందూపురం వచ్చేసరికి పలకల మీద తెలుగు కనపడుతుంది. చింతపండుకూ బెల్లానికీ పేరున్న అంగడి ఊరది. అక్కడి నుంచి పద్నాలుగు పదిహేను కిలోమీటర్లు లేపాక్షి. ఊరి అంచున ఒంటిరాతి బసవన్న, పదిహేను అడుగుల ఎత్తు, ఇరవయ్యేడు అడుగుల పొడుగు. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ కట్టించిన వీరభద్రాలయం ఆ పక్కనే. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి వచ్చేయకండి. తల ఎత్తి కప్పు మీది బొమ్మలు చూడండి. ఆ ఆడవాళ్ళ చీరల అంచులు, ఆ మగవాళ్ళ పొడుగు టోపీలు, ఒక్కో బొమ్మలో ఒక్కో నేత. అయిదు వందల ఏళ్ళ కిందటి రంగులు. పూర్తికాని కల్యాణ మండపంలో సాయంకాలం కూర్చుంటే వంద కిలోమీటర్ల అలసట తీరుతుంది. 2022లో ఈ ఆలయాన్నీ నందినీ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. వాల్ దోర్చా లాంటి గౌరవం ఈ ఊరికీ రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

రెండో రోజు కష్టమైనది, అందమైనది కూడా. చిలమత్తూరు మీదుగా కొడికొండ దగ్గర హైవే ఎక్కి, మళ్ళీ కర్ణాటకలో అడుగుపెట్టి బాగేపల్లి. బోర్డులన్నీ కన్నడం, టీ కొట్టు దగ్గర మాటలన్నీ తెలుగు. "యాడికి నాయనా, ఇంతమంది సైకిళ్ళేసుకోని పోతాండారు? బస్సులు లేవా?" అని అడుగుతారు. యలహంక దాకా అని చెబితే, "ఎండ పడతాది, రోంత మజ్జిగ తాగిపోండి" అంటారు. ఆ చనువు ఏ మార్గదర్శీ కల్పించలేడు. బాగేపల్లి నుంచి హైవే వదిలేసి గుడిబండ వైపు తిరగాలి. కొండ మీద పాళెగాళ్ళ కోట, కోటలో వాన నీళ్ళు పట్టుకునే దొనలు, కింద బైరసాగరం చెరువు. అక్కడి నుంచి పేరేసంద్ర, చిక్కబళ్ళాపురం, చివరికి నంది పల్లె. మొత్తం ఎనభై కిలోమీటర్లకు అటూ ఇటూ, నిన్న దిగిన ఎత్తంతా ఈ రోజు ఎక్కాలి. జట్టు విలువ తెలిసేది ఈ రోజే. ఎదురుగాలిలో ముందున్నవాళ్ళు గాలిని చీల్చుకుంటూ పోతే వెనకున్నవాళ్ళకు శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే బలమున్నవాళ్ళు వంతులవారీగా ముందుకు రావాలి, అలసినవాళ్ళను నడిమిలో పెట్టుకోవాలి.

నంది పల్లెలో భోగనందీశ్వరుడి గుడి ఉంది. వెయ్యేళ్ళు దాటిన గుడి, లోపల మెట్ల కోనేరు. ఆ చుట్టుపక్కల నేలంతా ద్రాక్ష. బెంగళూరు నీలి ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు ఉంది. దొడ్డబళ్ళాపురం వైపు నంది వాలులో గ్రోవర్ కుటుంబం ఫ్రెంచి ద్రాక్ష రకాలు నాటి 1992లో మొదటి వైను తీసింది. టస్కనీ ఫొటోలు చూసి ముచ్చటపడే మిత్రులు ఒకసారి తెల్లవారే వేళ ఈ పందిళ్ళ మధ్య తొక్కి చూడాలి.

మూడో రోజు ముద్దేనహళ్ళి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఆయన పూర్వులది మన గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదుకు వరద రక్షణ పథకం వేసి ఇచ్చింది ఆయనే. ఇల్లు, సమాధి అక్కడే ఉన్నాయి. ఓపిక ఉన్నవాళ్ళు 1,478 మీటర్ల నంది కొండ ఎక్కవచ్చు, ఏడెనిమిది కిలోమీటర్ల ఘాట్. లేనివాళ్ళు కింద టీ తాగుతూ ఎదురుచూడవచ్చు, ఎవరూ తక్కువ కారు. తర్వాత దేవనహళ్ళి కోట, అక్కడి నుంచి ఇల్లు.

ఇప్పుడు చేరదలచినవాళ్ళకు కొన్ని మాటలు. ఖరీదైన సైకిలు అక్కర్లేదు. ఎత్తుకు సరిపోయేది, గేర్లున్నది, బ్రేకులు పట్టేది చాలు. సీటు ఎత్తు సరిచేయించుకోండి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు నొప్పి మొదలవుతుంది. మెత్త ఉన్న షార్ట్స్ కొనండి, వాటి లోపల మరో గుడ్డ వేసుకోవద్దు. రెండు ట్యూబులు, గాలి పంపు, టైరు లివర్లు మీ దగ్గర ఉండాలి. ట్యూబు మార్చడం ఇంటి దగ్గరే నేర్చుకోండి. దాహం వేయకముందే తాగాలి, ఆకలి వేయకముందే తినాలి. వేరుశనగ చిక్కీ, ఖర్జూరం, ఉప్పూ నిమ్మకాయా కలిపిన నీళ్ళు, ఇంతకన్నా మంచి తిండి ఏ డబ్బాలోనూ రాదు. చేత్తో సైగలు నేర్చుకోవాలి. గుంత వస్తే వేలితో చూపాలి, ఆగేటప్పుడు అరచెయ్యి చూపాలి, వెనకనుంచి లారీ వస్తే గట్టిగా అరిచి చెప్పాలి. ముందువాళ్ళ వెనక చక్రానికి మీ ముందు చక్రం తగలనివ్వకూడదు. జట్టులో జరిగే పడిపోవడాల్లో చాలావాటికి కారణం అదే. బీపీ, షుగర్, గుండె మందులు వాడేవాళ్ళు డాక్టరును అడిగి, ఆ సంగతి నాయకుడికి కూడా చెప్పి ఉంచండి.

ఆడవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. బస ఎక్కడో, గదిలో ఎవరు తోడో, దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందో ముందే రాసి ఇమ్మని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు. ఇటలీ యాత్రల్లో ఇవన్నీ ముందుగా కాగితం మీద ఇస్తారు. మన దగ్గర ఇవి లేకనే ఎంతోమంది అక్కలు, వదినలు తొక్కాలని ఉన్నా ఆగిపోతున్నారు. జట్టు నాయకులు వినాలి. బలమైన కాళ్ళున్న కుర్రవాళ్ళను పోగుచేయడం సులువే, ఇంటి నుంచి మొదటిసారి బయలుదేరిన యాభై అయిదేళ్ళ మనిషికి మూడు రోజులు నిశ్చింతగా గడిచేలా చూడగలిగితేనే అది జట్టు.

నన్ను తొందరపెడుతున్న సంగతి మరొకటి. ఈ దారులు వేగంగా మారిపోతున్నాయి. దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపురం చుట్టూ కొత్త వలయ రహదారి వచ్చింది. లేఅవుట్లు ఏటా ఉత్తరానికి జరుగుతున్నాయి. నిరుడు రాగి చేను ఉన్నచోట ఇవాళ సిమెంటు గోడ ఉంటోంది. రోడ్లు వద్దని నేననను, ఊళ్ళకు రోడ్లు కావాలి. పెద్ద రోడ్డు వచ్చినప్పుడు పక్కనున్న పాత చిన్న దారిని తెంచేయవద్దని మాత్రమే అడుగుతున్నాను. రాజానుకుంటె నుంచి లేపాక్షి దాకా, లేపాక్షి నుంచి నంది దాకా ఉన్న చిన్న దారులను గుర్తించి, గాయోలేలో చేసినట్టు పలకలు నాటించాలి. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖలు రెండూ కూర్చుంటే అయ్యే పని. లేపాక్షిలో, గుడిబండలో, నంది పల్లెలో రైతు ఇంట బస ఇచ్చే కుటుంబాలకు సులువైన అనుమతులు కావాలి. రాగి సంకటి, ఊరిబిండి, చెనిక్కాయల పచ్చడి పెట్టే ఇల్లు ఉంటే బయటి హోటలు ఎవరికి కావాలి? యలహంక, దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు, హిందూపురం అన్నీ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. ఉదయం పాసింజరులో పది సైకిళ్ళు పెట్టుకునే చోటు ఇస్తే, వంద కిలోమీటర్లు తొక్కలేనివాళ్ళు సగం దారి రైల్లో వచ్చి సగం తొక్కవచ్చు.

వెళ్ళదలచినవాళ్ళకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. మార్చి వస్తే హిందూపురం ఎండ తట్టుకోవడం కష్టం. రెండు నెలల ముందు మొదలుపెట్టండి. మొదటి కొన్ని ఆదివారాలు రాజానుకుంటె దాకా పోయి రండి. తర్వాత దొడ్డబళ్ళాపురం, ఆ తర్వాత ఘాటి. ఘాటి పోయి వచ్చిన మర్నాడు కూడా సైకిలు ఎక్కాలనిపిస్తే మీరు సిద్ధమైనట్టే. ఒక్కరే వెళ్ళకండి, పక్కింటివాళ్ళను పిలవండి. వాళ్ళు మీకన్నా నెమ్మదిగా తొక్కేవాళ్ళైతే ముందు వాళ్ళను పోనిచ్చి మీరు వెనక ఉండండి.